ఏఎమ్‌హెచ్ తక్కువ వచ్చిందా? డబ్బు కట్టే ముందు ఈ వరసలో చేయండి

పోయిన సంక్రాంతి వెళ్ళిన వారంలో మా మరదలు శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఫోన్ చేసింది. వెనకాల బస్సుల హారన్లు, మధ్యలో తన ఏడుపు. "వదినా, నా గుడ్లు అయిపోవచ్చాయంట. ఈ నెలలోనే ఐవీఎఫ్ మొదలెట్టకపోతే ఇంక పిల్లలు పుట్టరంట." ఐవీఎఫ్ అంటే గుడ్లు బయటికి తీసి, ల్యాబులో వీర్యకణాలతో కలిపి, పిండాన్ని మళ్ళీ లోపల పెట్టడం. తనకి 29 ఏళ్ళు, పెళ్ళయి మూడేళ్ళు. ఇంటికెళ్ళకుండా నేరుగా విజయనగరం బస్సెక్కి వచ్చేయమన్నాను.

రాత్రి భోజనాలయ్యాక రిపోర్టు బల్ల మీద పరిచింది. ఒకటే కాగితం. పైన పేరు, వయసు. కింద గుడ్ల నిల్వను అంచనా వేసే రక్తపరీక్షది ఒకే ఒక్క వరస: ఏఎమ్‌హెచ్ 0.9. పక్కన లావు అక్షరాల్లో "తక్కువ" అని. బస్సులో ఎన్నిసార్లు విప్పి మడిచిందో, మడత సరిగ్గా ఆ అంకె మీదే పడి కాగితం చిరగడానికొచ్చింది. ఆ సెంటర్లో తనతో మాట్లాడింది రెండే నిమిషాలు. నెలసరి ఎన్నాళ్ళకొస్తోందని అడగలేదు. భర్త ఎక్కడుంటాడని అడగలేదు. సాయంత్రంలోగా అడ్వాన్సు కడితే ప్యాకేజీలో కొంత తగ్గిస్తామన్నారట.

నేను డాక్టర్ని కాను. జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను, అండాశయం బొమ్మ ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద వేస్తున్నాను. ఆ రాత్రి నుంచి మా మరదలితో కలిసి ఒక్కొక్కటీ చేసుకుంటూ వచ్చిన పనుల్ని, మాకు తెలిసిన గైనకాలజిస్ట్ సరిదిద్దిన వరసలో ఇక్కడ రాస్తున్నాను. మీ చేతిలోనూ అలాంటి కాగితం ఉంటే అడ్వాన్సు కట్టే ముందు ఇవి చేయండి. వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

మొదటి పని: ఆ అంకెను చదవడం

ఏఎమ్‌హెచ్ అంటే యాంటీ మ్యులేరియన్ హార్మోన్. అండాశయంలో ఎదగడం మొదలుపెట్టిన చిన్న చిన్న ఫాలికిల్స్ చుట్టూ ఉండే కణాలు దీన్ని తయారుచేస్తాయి. ఫాలికిల్ అంటే గుడ్డును కడుపులో పెట్టుకున్న చిన్న సంచి అనుకోండి. అలాంటివి ఎక్కువుంటే హార్మోన్ ఎక్కువ, తక్కువుంటే తక్కువ. ఆ అంకె చెప్పేది అంతవరకే.

మా వైపు రైతులు నారు పోసే ముందు మొలక శాతం చూస్తారు. వంద గింజలు తడిగుడ్డలో చుట్టిపెట్టి, నాలుగు రోజులయ్యాక విప్పి ఎన్ని మొలిచాయో లెక్కపెడతారు. బస్తా బరువు చూసి మొలక శాతం చెప్పే రైతు ఎక్కడా ఉండడు. ఏఎమ్‌హెచ్ బస్తా బరువు లాంటిది. లోపల ఎన్ని గింజలున్నాయో సుమారుగా చెబుతుంది, అవి మొలుస్తాయో లేదో చెప్పదు. గుడ్డు నాణ్యతను కొలిచే రక్తపరీక్ష ఇప్పటికి ఏదీ లేదు. ఈ ఒక్క మాట అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

అసలు గుడ్ల లెక్క ఎలా నడుస్తుందో కూడా తెలుసుకోండి. ఆడపిల్ల తల్లి కడుపులో అయిదు నెలల పిండంగా ఉన్నప్పుడు ఆమె అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల గుడ్లుంటాయి. పుట్టేసరికి 10 నుంచి 20 లక్షలు మిగులుతాయి. పెద్దమనిషి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. మిగతావన్నీ నెలనెలా వాటంతటవే కరిగిపోతాయి. మీరు ఏదో తిన్నందుకో, తిననందుకో కాదు, అది శరీరం పద్ధతి. గర్భనిరోధక మాత్రలు వాడినందుకు గుడ్లు ఆదా కావు, అలాగని అయిపోవు కూడా.

నాణ్యత సంగతి వేరు, దాన్ని నడిపించేది ప్రధానంగా వయసు. గుడ్డులో క్రోమోజోములు సగానికి పంచుకునే పని మీరు మీ అమ్మ కడుపులో ఉండగానే మొదలై మధ్యలో ఆగిపోతుంది. మళ్ళీ ఆ గుడ్డు విడుదలకు సిద్ధమయ్యే నెల వరకు, అంటే పాతికేళ్ళో నలభయ్యేళ్ళో, అలాగే ఆగి ఉంటుంది. అన్నేళ్ళూ క్రోమోజోములను జతగా పట్టి ఉంచే కోహెసిన్ అనే ప్రొటీన్ కట్లు మెల్లగా వదులవుతాయి. వదులైతే పంపకం తప్పుతుంది, ఒక క్రోమోజోము ఎక్కువో తక్కువో వెళ్తుంది. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగానికి కారణం ఇలాంటి క్రోమోజోముల తేడాయే. అందుకే ఏఎమ్‌హెచ్ 0.9 ఉన్న 29 ఏళ్ళ అమ్మాయి గుడ్లు, ఏఎమ్‌హెచ్ 3 ఉన్న 40 ఏళ్ళ ఆవిడ గుడ్ల కంటే సాధారణంగా మెరుగ్గా ఉంటాయి.

దీనికి గట్టి పరిశోధనే ఉంది. అమెరికాలో 30 నుంచి 44 ఏళ్ళ మధ్య వయసు, అంతకుముందు సంతానలేమి సమస్య లేని 750 మంది ఆడవాళ్ళను గమనించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఏఎమ్‌హెచ్ 0.7 కంటే తక్కువున్నవాళ్ళకీ మామూలుగా ఉన్నవాళ్ళకీ సహజంగా గర్భం వచ్చే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 12 నెలసరులు గడిచేసరికి తక్కువున్నవాళ్ళలో అంచనా 84 శాతం, మామూలువాళ్ళలో 75 శాతం.

అలాగని ఆ అంకెను చెత్తబుట్టలో వేయొద్దు. ఐవీఎఫ్ చేస్తే ఇంజెక్షన్లకు ఎన్ని గుడ్లు రావచ్చో, మందు ఎంత ఇవ్వాలో చెప్పేది అదే. ఆ లెక్కల్లో 1.2 కంటే తక్కువుంటే తక్కువ కిందే చూస్తారు. చిన్న వయసులోనే తక్కువుంటే "ఇంకో ఐదేళ్ళు ఆగుదాం" అనుకోకూడదు. దాని అర్థం ఆలస్యం చేయొద్దని. సాయంత్రంలోగా డబ్బు కట్టమని మాత్రం కాదు.

రిపోర్టు తీసి ఈ నాలుగూ చూడండి. కొలత నానోగ్రాముల్లో ఉందా, పీకోమోల్స్‌లో ఉందా? మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము అంటే లీటరుకు సుమారు 7.14 పీకోమోల్స్. రెండు ల్యాబుల అంకెలు పోల్చి బెంబేలెత్తేవాళ్ళలో కొందరి తిప్పలు ఇక్కడే. పరీక్ష రోజుల్లో గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా? వాటివల్ల అంకె తగ్గి కనిపిస్తుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్ళలు వేసుకుంటున్నారా? కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల ఫలితం తప్పుగా వస్తుంది, ల్యాబులో ముందే చెప్పి ఎన్ని రోజులు ఆపాలో అడగండి. అండాశయం మీద చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి) లాంటివాటికి ఆపరేషన్ జరిగిందా? జరిగితే ఆ కాగితాలు ఫైల్లో పెట్టండి. మా మరదలు రోజుకొకటి చొప్పున ఆర్నెల్లుగా బయోటిన్ వేసుకుంటోంది. ఆపి రెండోసారి చేయిస్తే 1.1 వచ్చింది. పెద్ద తేడా కాదు, కానీ మొదటిసారి ఎవరూ అడగలేదు.

రెండో పని: ఒక నోటు పుస్తకం

ఫోన్లో యాప్ ఉన్నా సరే, గోడమీద క్యాలెండర్ ఉన్నా సరే, పుస్తకంలో రాయండి. డాక్టర్ ముందు తెరిచి చూపించడానికి అదే సులువు. కనీసం మూడు నెలసరుల తేదీలు కావాలి.

ఇక్కడొక పొరపాటు మన ఇళ్ళల్లో తరచూ జరుగుతుంది. తలస్నానం చేసిన రోజు నుంచి లెక్కపెడతారు. అలా కాదు. ఎర్రగా బాగా కనిపించిన మొదటి రోజే ఒకటో రోజు. రెండో రోజు స్కాన్‌కి రమ్మన్నారంటే ఆ లెక్కన రెండో రోజు, స్నానం లెక్కన కాదు.

ఒకటో రోజు నుంచి మళ్ళీ ఒకటో రోజు దాకా ఎన్ని రోజులో రాయండి. 21 నుంచి 35 రోజుల మధ్య ఉంటే, నెలనెలా దాదాపు అంతే వస్తుంటే, చాలామటుకు గుడ్డు విడుదలవుతున్నట్టే. గుడ్డు విడుదలయ్యేది పద్నాలుగో రోజున అని అందరికీ చెబుతారు. అది 28 రోజుల వాళ్ళకే. అసలు లెక్క వెనక నుంచి: రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. 35 రోజుల వాళ్ళకి అది 21వ రోజు చుట్టూ పడుతుంది. గర్భం వచ్చే వీలున్నది ఆ రోజూ, దానికి ముందు ఐదు రోజులూ. 1995లో ప్రచురించిన ఒక పరిశోధనలో రోజూ మూత్రంలో హార్మోన్లు కొలిచి ఈ ఆరు రోజుల కిటికీని తేల్చారు. గుడ్డు విడుదలయ్యాక ఒక రోజు లోపే దాని పని అయిపోతుంది, వీర్యకణాలు మాత్రం ఐదు రోజుల దాకా బతుకుతాయి. కాబట్టి గుడ్డు కోసం వీర్యకణాలు ముందే వెళ్ళి కాచుకోవాలి. ఆ వారంలో రోజు విడిచి రోజు కలిస్తే చాలు.

ఇప్పుడు మన జిల్లాల సంగతి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి మగవాళ్ళు పనికి పోని ఊరు లేదు. చెన్నై, హైదరాబాద్, గల్ఫ్. తీరం ఊళ్ళ నుంచైతే గుజరాత్‌లోని వెరావల్ పడవల మీదికి. పండక్కి వచ్చి పది రోజులుండి వెళ్ళిపోతారు. ఇక్కడ అత్తగారి దగ్గర కోడలు, "ఏటమ్మా, ఇసేసం ఏటైనా ఉందా?" అని ఎదురుపడిన ప్రతి మనిషీ అడుగుతుంటే తల దించుకుని నడుస్తుంది. మా తమ్ముడు చెన్నైలో క్రేన్ నడుపుతాడు. పుస్తకం ముందు పెట్టుకుని లెక్కేస్తే పెళ్ళయిన మూడేళ్ళలో ఇద్దరూ ఒక చోట ఉన్నది ఏడు నెలలు. అందులో గుడ్డు విడుదలయ్యే వారం కలిసొచ్చింది నాలుగైదు సార్లు. సంతానలేమి అని డాక్టర్లు అనాలంటే 35 ఏళ్ళ లోపు వాళ్ళు ఏడాది పాటు, 35 దాటినవాళ్ళు ఆరు నెలల పాటు కలిసి ఉండి ప్రయత్నించాలి. కలిసున్న నెలలే లెక్క. మీ లెక్క నిజాయితీగా వేసి పుస్తకం మొదటి పేజీలో రాయండి.

మూడో పని: భర్త పరీక్ష

దీన్ని ఆఖరికి నెట్టేస్తారు. ముందు చేయాల్సింది ఇదే. పిల్లలు లేని జంటల్లో సుమారు సగం మందిలో మగవాళ్ళ వైపు కారణం కూడా ఉంటుంది. ఆడమనిషికి రక్తం తీసి, ట్యూబుల్లోకి మందు ఎక్కించి, కడుపు కోసి చూసి, అన్నీ అయ్యాక ఆయన్ని ఒకసారి ల్యాబుకు రమ్మనడం ఎంత అన్యాయమో నేను కళ్ళారా చూశాను.

వీర్యపరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండాలి. నమూనా ల్యాబులోనే ఇస్తే మంచిది. ఇంటి దగ్గర నుంచి తెస్తే గంటలోపు చేరాలి, దారిలో చల్లబడకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించి తేవాలి. పాలకొండ నుంచో మందస నుంచో బస్సులో తేవడం కుదిరే పని కాదు, మనిషే రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దులు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు, కదిలేవి 42 శాతం. తక్కువొస్తే ఒక్క రిపోర్టుతో తేల్చేయకండి. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. పోయిన నెలలో జ్వరం వచ్చి ఉన్నా అంకె పడిపోతుంది. మూడు నెలలాగి మళ్ళీ చేయించాలి. ఈలోగా ఖైనీ, గుట్కా, సిగరెట్, మద్యం మానాలి. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేసుకునే కుర్రాళ్ళున్నారు. అది శరీరం సొంతంగా వీర్యకణాలు తయారుచేయడాన్నే ఆపేస్తుంది. ఈ సంగతి డాక్టర్‌కి దాచొద్దు.

మా తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. "నాకేటి అయింది?" అన్నాడు. నేను గట్టిగా ఏమీ అనలేదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, "దాని కాగితం ఉంది, నీ కాగితం ఏది?" అని మాత్రం అడిగాను. మర్నాడు వెళ్ళాడు. సంఖ్య సరిపోయింది, కదలిక తగ్గింది. ఎండలో ఇనప క్యాబిన్లో రోజుకు పది గంటలు కూర్చునే పని, పైన ఖైనీ. మానేశాడు. మూడు నెలలకి రెండో రిపోర్టు కొంచెం మెరుగ్గానే వచ్చింది.

నాలుగో పని: మీ పరీక్షలు, ఏ రోజుది ఆ రోజే

ఏ రోజైనా చేయించుకోగలిగేవి: థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, పాల హార్మోన్ ప్రొలాక్టిన్, రక్తం శాతం, షుగర్, బ్లడ్ గ్రూప్. ఏఎమ్‌హెచ్ కూడా ఏ రోజైనా చేస్తారు. మా మరదలికి టీఎస్‌హెచ్ 7.2 వచ్చింది, ఎక్కువ. టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే గుడ్డు విడుదల గతి తప్పుతుంది, దానికి రోజుకొక చిన్న బిళ్ళ. లక్షల ప్యాకేజీ చెప్పినవాళ్ళు ఈ పరీక్ష రాయనే లేదు.

మీది ఉద్దానం అయితే, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపైతే, గర్భం కోసం ప్రయత్నించే ముందే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, బీపీ చూపించుకోండి. ఆ వైపు మూత్రపిండాల జబ్బు ఎక్కువ. అది చాలాకాలం బయటపడకుండా ఉంటుంది, గర్భంలో బరువు పడితే ముదురుతుంది. జీడిపిక్కల పనిలో నడుం నొప్పికి రోజూ డైక్లోఫెనాక్ బిళ్ళ వేసుకునే ఆడవాళ్ళు ఆ ప్రాంతంలో ఉన్నారు. ఆ రకం నొప్పి మందులు కిడ్నీకి చెడు చేయడమే కాదు, గుడ్డు విడుదలయ్యే రోజుల్లో వాడితే ఫాలికిల్ పగలకుండా ఆపేయగలవు. నొప్పికి వేరే మందు డాక్టర్‌ని అడగండి.

రెండో రోజు లేదా మూడో రోజు: ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ అనే రెండు హార్మోన్లకు కలిపి రక్తం. అదే రోజుల్లో లోపలి నుంచి చేసే స్కాన్. కడుపు మీద స్కాన్‌కి లీటరు నీళ్ళు తాగించి కూర్చోబెడతారు, దీనికి మాత్రం మూత్రం పోసుకుని ఖాళీగా వెళ్ళాలి. నేను మరదలి పక్కనే నిలబడి తెర చూశాను. బూడిద రంగు మధ్యలో బాదంకాయంత అండాశయం, దానిలో నల్లటి చుక్కలు, పెద్దది మిరియం కంటే కాస్త పెద్దగా. డాక్టరమ్మ మీట జరుపుతూ ఒక్కొక్కటీ పైకి లెక్కపెట్టింది. ఎడమ నాలుగు, కుడి ఐదు. "ఇవే ఈ నెల ఫాలికిల్స్, ఒక్కోదానిలో ఒక గుడ్డు. తొమ్మిది. నీ వయసుకు తక్కువే, కానీ ఉన్నాయి, చూడు" అని తెర ఇటు తిప్పింది. కాగితం మీది 0.9కి భయపడ్డ పిల్ల ఆ చుక్కలు చూశాక మామూలుగా ఊపిరి పీల్చుకోవడం నేను గమనించాను. స్కాన్ చేసేవారిని ఆ లెక్క, ఎడమ ఎన్ని కుడి ఎన్ని అనేది, రిపోర్టులో రాయమని అడగండి. "అండాశయాలు నార్మల్" అని ఒక్క ముక్క రాస్తే తర్వాత ఎవరికీ పనికిరాదు.

ఈ నల్లచుక్కలు మరీ ఎక్కువుంటేనే మన వాళ్ళు నీటి బుడగలు అంటారు, పీసీఓఎస్. అవి గడ్డలు కావు, మధ్యలో ఎదుగుదల ఆగిన ఫాలికిల్సే. వీళ్ళకి ఏఎమ్‌హెచ్ ఎక్కువొస్తుంది. ఎక్కువొచ్చిందని సంబరపడలేం, ఎందుకంటే గుడ్డు నెలనెలా విడుదల కాదు. బరువు ఎక్కువున్నవాళ్ళు ఐదు శాతం తగ్గినా, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గినా, చాలామందిలో నెలసరి దారికొస్తుంది. గుడ్డు విడుదల చేయించే మందుల్లో లెట్రోజోల్ ముందుంటుంది. 2014లో అమెరికాలో 750 మంది మీద జరిగిన పరీక్షలో లెట్రోజోల్ వాడినవాళ్ళలో 27.5 శాతం మందికి పిల్లలు పుట్టారు, పాత మందు క్లోమిఫిన్‌తో 19.1 శాతం.

నెలసరి తగ్గాక, గుడ్డు విడుదలకు ముందు: ట్యూబ్ టెస్ట్, అంటే అండాశయం నుంచి గుడ్డు గర్భాశయానికి వచ్చే ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూడడం. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి క్షయ ఒక ముఖ్య కారణం. చిన్నప్పుడు మీకో ఇంట్లో వాళ్ళకో టీబీ వచ్చి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. ట్యూబులు రెండూ మూసుకుని ఉంటే గుడ్లు ఎన్ని ఉన్నా సహజంగా గర్భం రాదు, అప్పుడు ఐవీఎఫ్ అనడం సరైన మాటే.

గుడ్డు విడుదలయ్యాక పెరిగే హార్మోన్ ప్రొజెస్టిరాన్. దాని పరీక్షను ఇరవై ఒకటో రోజు పరీక్ష అంటారు. అదీ 28 రోజుల వాళ్ళకే. మీ నెలసరి ఎప్పుడొస్తుందో దానికి ఏడు రోజుల ముందు చేయించండి, లేకపోతే గుడ్డు విడుదలైనా కాలేదని వస్తుంది.

ఐదో పని: గుడ్ల కోసం ఏం చేయాలి, ఏం కొనకూడదు

గుడ్ల సంఖ్య పెంచే తిండి, మందు, పొడి, కషాయం ఏదీ ఇప్పటికి లేదు. ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి. ఉన్నవాటిని పాడుచేసుకోకుండా ఉండడం మన చేతిలో ఉంది. విడుదలకు ముందు ఫాలికిల్ ఎదిగే చివరి దశకు సుమారు మూడు నెలలు పడుతుంది, అందుకే ఏ మార్పు చేసినా మూడు నెలలు వరసగా చేయాలి.

అన్నిటికంటే ముందు పొగ. పొగాకు ఫాలికిల్స్‌ని చంపుతుంది, పొగతాగే ఆడవాళ్ళకి ఏడాది రెండేళ్ళ ముందే నెలసరి ఆగిపోతుంది. మన తీరం ఊళ్ళల్లో ముసలమ్మలు చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లోకి పెట్టుకుని తాగుతారు, అడ్డపొగ అంటాం. మా అమ్మమ్మ అలాగే తాగేది, నోటి లోపల అంగిలి అంతా తెల్లగా గరుకుగా ఉండేది. ఇప్పటి కోడళ్ళు తాగకపోవచ్చు, కానీ అదే గదిలో వంట చేస్తారు, అదే గదిలో పడుకుంటారు. పెద్దావిడకి గౌరవంగానే చెప్పి, చుట్ట అరుగు మీదికి మార్పించండి.

తర్వాత ఫోలిక్ ఆమ్లం. రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం వచ్చాక కాదు, ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచే. బిడ్డ వెన్నెముక మూసుకునేది గర్భం వచ్చిన మొదటి నెలలోనే, చాలామందికి అప్పటికి గర్భమని కూడా తెలియదు. ముందు కాన్పులో అలాంటి లోపంతో బిడ్డ పుట్టి ఉంటే డోసు ఎక్కువ కావాలి, డాక్టర్‌తో రాయించుకోండి. ఈ మందును అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో 1940ల్లో తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు గొంతు నిండుతుంది. ఆ బిళ్ళ మన ఊరి ఆరోగ్య కేంద్రంలో దొరుకుతుంది, అడిగి తీసుకోండి.

తిండిలో పెద్ద మాయ లేదు. చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు, పప్పు, చిన్న చేపలు, గుడ్డు. రక్తం తక్కువుంటే ఐరన్. రాత్రి నిద్ర.

కోఎంజైమ్ క్యూ10 గురించి అడుగుతారు. వయసు పైబడిన ఎలుకల్లో అది గుడ్డు నాణ్యతను మెరుగుపరిచింది. గుడ్డుకు శక్తినిచ్చే మైటోకాండ్రియాకు అది అవసరం కాబట్టి ఆలోచనలో తప్పులేదు. మనుషుల్లో జరిగినవి చిన్న పరీక్షలు, పిల్లలు పుట్టే అవకాశం పెరుగుతుందని ఇంకా గట్టిగా తేలలేదు. డాక్టర్ రాస్తే, స్తోమత ఉంటే వాడండి, అప్పు చేసి కాదు. డీహెచ్ఈఏ మాత్రం హార్మోన్, సొంతంగా వేసుకోవద్దు. అండాశయంలోకి పీఆర్‌పీ (సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) ఇంజెక్షన్, స్టెమ్ సెల్స్ (మూలకణాలు) అనేవి ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. పుట్టాక కొత్త గుడ్లు తయారవుతాయని 2004లో ఎలుకల మీద ఒక పరిశోధన వచ్చింది, ఆడవాళ్ళ విషయంలో అది ఇప్పటికీ వివాదమే. జపాన్‌లో 2012లో ఎలుక మూలకణాల నుంచి గుడ్లు తయారుచేసి పిల్లల్ని పుట్టించారు. సైన్స్ చెప్పేదానిగా అది చదివి నేను పొంగిపోయాను. కానీ ఎలుక నుంచి మనిషికి ఇంకా చాలా దూరముంది, ఆ దూరానికి మీ దగ్గర డబ్బు వసూలు చేస్తే ఒప్పుకోకండి.

ఆరో పని: సెంటర్‌కి వెళ్ళే రోజు

ఏడాది ఆగకూడని వాళ్ళున్నారు. వయసు 40 దాటినవాళ్ళు, నెలసరి రెండు మూడు నెలలకొకసారి వచ్చేవాళ్ళు, అండాశయానికి ఆపరేషనో క్యాన్సర్ మందులో జరిగినవాళ్ళు, నెలసరిలో భరించలేని నొప్పి ఉన్నవాళ్ళు, తల్లికో అక్కకో 40 లోపే నెలసరి ఆగినవాళ్ళు. వీళ్ళు వెంటనే వెళ్ళాలి. 40 లోపు నాలుగు నెలలుగా నెలసరి రాక ఒంట్లోంచి వేడి సెగలు వస్తుంటే, పిల్లల ఆలోచన లేకపోయినా వెళ్ళాలి. అండాశయాలు తొందరగా అలిసిపోతే ఎముకలు, గుండె కూడా దెబ్బతింటాయి.

మొదటి పరీక్షలకి ప్రైవేటుకే పోనక్కర్లేదు. శ్రీకాకుళంలో జనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే సర్వజన ఆసుపత్రి, విజయనగరంలో ఘోషాసుపత్రి, అక్కడి గైనిక్ ఓపీకి పొద్దున్నే వెళ్ళండి. ఐవీఎఫ్ అవసరమైతే చాలామందికి విశాఖ ప్రయాణమే.

ఐవీఎఫ్ సెంటర్లకు 2021లో వచ్చిన చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. చికిత్సకు ఆడవాళ్ళకి 21 నుంచి 50, మగవాళ్ళకి 21 నుంచి 55 ఏళ్ళ హద్దు ఉంది. "మా సక్సెస్ ఇంత" అని చెబితే, నా వయసు వాళ్ళలో బిడ్డ పుట్టిన శాతం ఎంత అని అడగండి. పరీక్ష పాజిటివ్ వచ్చిన లెక్క వేరు, బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్ళిన లెక్క వేరు. ఇంజెక్షన్లు, గుడ్లు తీయడం, పిండాలు దాచడం, మళ్ళీ పెట్టడం, దేనికెంతో కాగితం మీద రాయించుకోండి. ఏఎమ్‌హెచ్ ఒక్కటే చూసి దాత గుడ్లు వాడదామంటే, నా గుడ్లతో ఒకసారి ఎందుకు ప్రయత్నించకూడదని కారణం అడగండి. నిజంగా కారణం ఉంటే చెబుతారు. దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, ఆమె జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. సంతకం పెట్టే కాగితం ఇంటికి తెచ్చుకుని ఇద్దరూ చదవండి. సాయంత్రంలోగా అంటే వద్దనండి.

మా తమ్ముడు ఏప్రిల్‌లో చెన్నై వదిలి గంగవరం వైపు పని చూసుకున్నాడు. జీతం నాలుగు వేలు తక్కువ, కానీ వారానికి రెండు రాత్రులైనా ఇంటికొస్తాడు. మరదలి టీఎస్‌హెచ్ 2.3కి దిగింది. నోటు పుస్తకంలో ఇది ఐదో నెల. ఏడాది నిండేదాకా చూడకుండా, గుడ్లు తక్కువ కాబట్టి, ఇంకో మూడు నెలలకి విశాఖలో చూపించాలని డాక్టరమ్మ తేదీ కూడా రాసిచ్చింది.

వెళ్ళేటప్పుడు ఫైల్లో పెట్టాల్సినవి: నోటు పుస్తకం, ఇద్దరి రిపోర్టులు తేదీల వరసలో, పాత ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న బిళ్ళల అట్టలు, ఇద్దరి ఆధార్లు. స్కాన్ నెలసరి రెండో రోజో మూడో రోజో చేయాలి కాబట్టి, రెండో రోజు ఆదివారం పడేలా ఉంటే శనివారమే ఫోన్ చేసి స్కాన్ ఉంటుందో లేదో కనుక్కోండి. ఉండదంటే సోమవారం, మూడో రోజున, ఆమదాలవలసలో పొద్దున్నే విశాఖ రైలు పట్టుకోండి. నాలుగో రోజు దాకా జరపకండి.